మామయ్యగారు తోమిన షాఫ్టు

“అట్టు రాదంటే రాదు. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?” అంది సీతారావమ్మ, అట్లకాడ పైకెత్తి.

“నిన్నటిదాకా వచ్చిందిగా?” అన్నాడు చెన్నకేశవరావు, వంటింటి గడప అవతలే నిలబడి.

“నిన్నటిదాకా పెనం పెనంలా ఉంది. ఇవాళ అద్దంలా ఉంది. అద్దం మీద అట్లు పోసే విద్య మా పుట్టింట్లో నేర్పలేదు.”

“నల్లగా దయ్యంలా కుళాయి దగ్గర పడి ఉంటే, పోనీలే పాపమని తోమా. మంచికి పోతే ఇదీ మర్యాద.”

“మిమ్మల్ని తోమమన్నదెవరు? తక్కెడ పళ్ళేలు మీవి. తోముకోండి, ముద్దు పెట్టుకోండి, మీ ఇష్టం. పెనం నాది.”

వసారాలో బల్ల మీద కూర్చున్న వాసవాంబ తన పళ్ళెంలోకి తేరిపార చూసింది. ఎనభై దాటిన ఆవిడకి పెసరట్టంటే ఇప్పటికీ ప్రాణం. “ఒరే కేశవా, దీన్నేమనాలిరా? అట్టు అందామంటే ఆకారం లేదు. పచ్చడి అందామంటే కారం లేదు. మీ ఆవిణ్ణడిగి పేరు చెప్పు, తింటా.”

“మీ అబ్బాయినే అడగండత్తయ్యా, ఆయన సృష్టే అది,” అంది సీతారావమ్మ.

పొయ్యి దగ్గర కూర్చుని పిండి కలుపుతున్న కోడలు హైమవతి నవ్వలేదు. మామూలు రోజయితే అందరికంటే ముందు తనే నవ్వేది.

ఈ గొడవ పొద్దున కాఫీల దగ్గర మొదలైంది. ఎవరూ దాన్ని ఆపే ప్రయత్నం చెయ్యటం లేదు. ఆపితే అసలు సంగతి మాట్లాడుకోవాలి. అసలు సంగతి, మిల్లులో హైమవతి చేసిన బుష్షు అరిగిపోవడం.

జగ్గయ్యపేట బజారులో చెన్నకేశవరావు కిరాణా కొట్టు వెనకాలే వాళ్ళ కారం మిల్లు. మరలో నలిగిన కారాన్ని జల్లెడ దాకా మోసుకుపోయేందుకు ఒక పొడుగాటి ఇనప తొట్టి, అందులో మెలికలు తిరిగిన స్క్రూ ఉంటాయి. ఆ స్క్రూ షాఫ్టుని మధ్యలో కుంగకుండా పట్టుకునేది ఒక బుష్షు. గాజుని రెండు చెక్కలుగా కోసి షాఫ్టుకి తొడిగినట్టు ఉంటుంది. ఇదివరకటి గన్‌మెటల్ బుష్షుకి రోజూ గ్రీజు పెట్టాల్సి వచ్చేది. పెట్టిన గ్రీజు వేడికి కరిగి కారంలోకి జారేది. నందిగామ హోల్‌సేలు వ్యాపారి కనకయ్య పోయినేడు కారం డబ్బా మూత తీసి వాసన చూసి, “లారీ షెడ్డు వాసనొస్తోందేం బావా?” అని డబ్బాలన్నీ వెనక్కి పంపాడు. ఆ మాట చెన్నకేశవరావుకి ముల్లులా గుచ్చుకుంది.

అప్పుడే హైమవతి, గ్రీజు అక్కర్లేని బుష్షు తను చేస్తానంది. వాల్తేరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసిన పిల్ల. ఒట్టి టెఫ్లాన్ పొడితో చేసిన మొదటి బుష్షు సబ్బుబిళ్ళలా అరిగిపోయింది. రెండోసారి అందులో గ్రాఫైటు పొడీ, మెత్తటి కంచు పొడీ కలిపింది. నందిగామలో లేతు షెడ్డు నడిపే ఇశ్రాయేలు చేత అచ్చులో నొక్కించి, విజయవాడ ఆటోనగర్లో కాల్పించి తెప్పించింది. ఇశ్రాయేలు షెడ్డులోనే పాత మోటారుకి ఒక షాఫ్టు ముక్క తగిలించి, కార్తీకమాసం పొడుగునా తిప్పి చూశారు. బుష్షు అరిగిందో లేదో కంటికి ఆనలేదు. ఆ ధైర్యంతోనే, కొత్త కాయలు దిగుతున్న ఈ మాఘంలో మిల్లుకి బిగించారు. వారం తిరక్కుండా షాఫ్టు గడగడలాడింది.

నిన్న చెన్నకేశవరావు విజయవాడకి ఫోను చేసి పాతరకం గన్‌మెటల్ బుష్షు తెమ్మన్నాడు. ఫిట్టరు మధ్యాహ్నం బస్సుకి దిగుతాడు. అది బిగించారంటే హైమవతి ప్రయత్నానికి అంతటితో సరి. సీజనులో మళ్ళీ మిల్లు ఆపి ప్రయోగాలకి ఇచ్చే ఓపిక ఏ వ్యాపారికీ ఉండదు.

కోప్పడినా బాగుండేది. ఆయన కోప్పడలేదు. “పోనీలేమ్మా, చదువుకున్నదానివి, ఏదో సరదాపడ్డావు,” అన్నాడు. ఆ ‘సరదా’ అన్న మాట హైమవతిని కుదురుగా ఉండనివ్వటం లేదు. కంచు పొడి తక్కువైందా, గ్రాఫైటు ఎక్కువైందా అని నిన్నటి నుంచీ తనలో తనే తవ్వుకుంటోంది.

“అది మసి కాదండీ బాబూ!” సీతారావమ్మ మళ్ళీ అందుకుంది. “నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వేసిన ప్రతి అట్టూ దానికింత నూనె విడిచిపెట్టి పోయింది. అది కాలీ కాలీ పొరగట్టింది. అట్టు జారేది ఆ పొర మీద. ఇనుము మీద కాదు. మీరు ఇటికపొడేసి ఆ పొరంతా ఊడబెరికారు. మళ్ళీ అది పట్టాలంటే ఎన్ని అట్లు చిరగాలో!”

పిండిలో గరిటె ఆగిపోయింది.

“అత్తయ్యగారూ, ఇప్పుడన్నది మళ్ళీ అనండి,” అంది హైమవతి.

“ఏమన్నా? ఇటికపొడేసి ఊడబెరికారన్నా. అబద్ధమా?”

“దానికి ముందు.”

“అట్టు జారేది పొర మీద, ఇనుము మీద కాదన్నా. ఏం, నీ చదువులో అలా లేదా?”

“ఉంది,” అంది హైమవతి. “ఉన్నదే మర్చిపోయా.” పైట సర్దుకుని లేచి గడప దగ్గరికొచ్చింది. “మామయ్యగారూ, పెనమొక్కటే తోమారా?”

“గురువారం సాయంత్రం నాకు పని తక్కువా అమ్మా? తక్కెడ పళ్ళేలు తోమా, దేవుడి కుందులు తోమా, పెనం తోమా...” చెన్నకేశవరావు ముఖంలో కొంచెం గర్వం తొంగిచూసింది. “మిల్లులో నీ షాఫ్టయితే గురువారమేమిటి, రోజూ తోముతున్నా. కూలీలు వెళ్ళగానే మూత తీసి, బుష్షు పై చెక్క ఊడదీసి, ఉప్పుకాగితంతో ఓ పట్టు పట్టేవాణ్ణి. బుష్షు కింద నల్లగా మరక పడుతోందమ్మా. వీరులపాడు నించి రైతులొస్తున్నారు, గ్రీజు లేకుండా తిరిగే మిల్లని వింతగా చూస్తున్నారు. మరకతో ఎలా చూపిస్తాం చెప్పు?”

మిల్లు కట్టేసే వేళకి హైమవతి ఇంట్లో దీపాలు పెట్టే పనిలో ఉంటుంది. ఈ సంగతి ఆమెకి తెలిసే దారి లేదు.

“ఒకసారి మిల్లులోకి వెళ్ళి చూద్దామా మామయ్యగారూ?”

“ఇప్పుడు చూసేదేముంది?” అన్నాడే గానీ, ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. వంటింట్లోంచి బయటపడే సాకు అంతకంటే మంచిది దొరకదు.

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన శేషగిరి కూడా వాళ్ళ వెంట నడిచాడు. పెరటి దారిలో తండ్రి నాలుగడుగులు ముందుకెళ్ళాక భార్య పక్కకి జరిగాడు. “ఏమైంది?”

“తప్పు కంచు పొడిది కాదండీ.”

“మరెవరిది?”

హైమవతి ముందు నడుస్తున్న తెల్ల కండువా వైపు చూసింది. శేషగిరికి అర్థమయ్యేసరికి రెండడుగులు పట్టింది. నవ్వు రాకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“నవ్వకండి. మీరు చెబుతారా?”

“నేను చెబితే తిడతారు. నువ్వు చెబితే తిట్టరు.”

“అదే నా బాధ,” అంది హైమవతి.

మిల్లు అరుగు మీద ఇశ్రాయేలు కూర్చుని ఉన్నాడు. పక్కన గోనెసంచి. వాళ్ళని చూసి లేచి నిలబడ్డాడు. “గన్‌మెటల్ వస్తోందని తెలిసిందండి షావుకారుగారూ. మా బుష్షుని ఆఖరి చూపు చూసుకుందామని మొదటి బస్సుకే వచ్చా. అమ్మగారు చేయించిన రెండో జత నా దగ్గరే ఉండిపోయింది, అదీ తెచ్చా. తిప్పి చూసిన షాఫ్టు ముక్క కూడా ఇందులోనే ఉంది. ఇంక నాకెందుకని.”

“మంచి పని చేశావు,” అంది హైమవతి, అంత ఆత్రంగా అనడంతో ఇశ్రాయేలు తెల్లబోయాడు.

శేషగిరి తొట్టి మూత ఎత్తాడు. కారం ఘాటుకి అందరూ వరసగా తుమ్మారు. బుష్షు పై చెక్క తీసేసరికి, కిటికీలోంచి పడ్డ ఎండకి షాఫ్టు ధగధగ మెరిసింది. హైమవతి వంగి దగ్గరగా చూసింది. ఆ మెరుపు నిండా వెంట్రుకల్లాంటి గీతలు.

“చూశావా? మొహం చూసుకోవచ్చు,” అన్నాడు చెన్నకేశవరావు.

“మామయ్యగారూ,” అంది హైమవతి. ఇప్పుడు అనకపోతే మధ్యాహ్నం బస్సు వచ్చేస్తుంది. “ఆ మరకే ఈ బుష్షుకి గ్రీజండీ.”

“ఏమిటీ?”

“షాఫ్టు తిరుగుతుంటే బుష్షులోంచి సన్నటి పొర వచ్చి ఇనుముకి పట్టుకుంటుంది. ఆ పొర పట్టేదాకానే ఎక్కువ అరుగుతుంది. పట్టాక బుష్షు ఇనుముని తాకదు. తన పొర మీద తనే జారుతుంది. పొర తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ అరిగి మళ్ళీ పొర వేసుకోవాలి. పైగా ఉప్పుకాగితం గీతలు ఆకురాయిలా దాన్ని రాసేస్తాయి.”

“అంటే?”

హైమవతి భర్త వైపు చూసింది. శేషగిరి మిల్లు కప్పులో సాలెగూళ్ళు పరీక్షిస్తున్నాడు.

“అంటే నేనే పాడుచేశానంటావు,” అన్నాడు చెన్నకేశవరావు.

“బాగుండాలనే చేశారు.”

“బాగుండాలని చేసి పాడుచేశా. అంతేగా?” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “మా నాన్న కాలం నుంచీ మన కొట్లో తక్కెడ మీద మరక చూసినవాడు లేడమ్మా. మరక ఉన్న పళ్ళెం చూస్తే కొనేవాడికి తూకం మీద అనుమానం. నాకు చిన్నప్పుడు నేర్పిన మొదటి పని అది, శుభ్రంగా తోమడం. అది తప్పయిపోయిందా ఇవాళ?”

“తక్కెడకి తప్పు కాదు మామయ్యగారూ.”

“షాఫ్టుకి తప్పా?”

“ఈ షాఫ్టుకి తప్పు.”

ఆ మాట తనే అందా అని హైమవతి ఆశ్చర్యపోయింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక మామగారికి ఎదురు చెప్పడం ఇదే మొదలు. అదీ భర్త ముందు, బయటి మనిషి ముందు. ఇశ్రాయేలు మర్యాదగా తలొంచుకుని గోనెసంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు, ఆ ముడి ఎప్పుడో విడిపోయినా.

హైమవతి అందులోంచి షాఫ్టు ముక్క తీసి మామగారి ముందు పెట్టింది. బుష్షు తిరిగినంత మేరా దాని మీద మసకమసకగా నల్లటి పట్టీ ఉంది.

“ఛ, ఇంత మురికిగానా?” అన్నాడు చెన్నకేశవరావు అప్రయత్నంగా.

“మా షెడ్డులో తుడిచే ఆచారం లేదండి,” అన్నాడు ఇశ్రాయేలు. “మురికి తీస్తే షెడ్డు కూలుద్ది.”

“కళ్ళతో చూడకండి మామయ్యగారూ. కాయ చూసినట్టు చూడండి.”

ఈ ప్రాంతంలో మిరపకాయ బేరానికి చెన్నకేశవరావుది ఒక పద్ధతి. టిక్కీ బస్తాలోంచి ఒక కాయ తీసి, కళ్ళు మూసుకుని, కుడిచేతి బొటనవేలితో తొడిమ నుంచి కొస దాకా ఒక్కసారి రాస్తాడు. తేమ ఎంతో, తోలు మందమెంతో, నిరుటి సరుకో కొత్తదో చెప్పేస్తాడు. రంగు మోసం చేస్తుంది, వేలు చెయ్యదంటాడు. ఆ పద్ధతిలో చూడమంటే ఆయన కాదనలేడు.

కళ్ళు మూసుకున్నాడు. ముందు మిల్లు షాఫ్టు మీద, తను తోమిన చోట, బొటనవేలు పెట్టి నడిపించాడు. తర్వాత ఇశ్రాయేలు తెచ్చిన ముక్క మీద. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. మెరిసేది వేలిని పట్టుకుంటోంది. మసకగా ఉన్నది నున్నగా వదిలేస్తోంది.

కళ్ళు తెరిచాడు. అలవాటుగా వేలిని కండువాకి తుడిచి, కండువా వైపు చూశాడు. ఇంకోసారి గట్టిగా తుడిచి చూశాడు.

“నలుపు అంటుకోవట్లేదే!” అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

ఆ తర్వాత నేరుగా కొట్లోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బస్సు దిగి ఫిట్టరు వచ్చాడు. చంకలో అట్టపెట్టె, అందులో కొత్త గన్‌మెటల్ బుష్షు. బిగించమంటారా అని అడిగితే చెన్నకేశవరావు, “కూర్చో,” అన్నాడు. అంతే. ఫిట్టరు అరుగు మీద కూర్చున్నాడు. శేషగిరి కొట్టుకీ ఇంటికీ మధ్య తిరుగుతూ కబుర్లు మోస్తున్నాడు.

“అందరి ముందూ అనకుండా ఉండాల్సింది,” అంది హైమవతి, వంకాయలు తరుగుతూ. “అన్న మాటకి కాదత్తయ్యగారూ నా బాధ. ఇశ్రాయేలు ముందు అన్నందుకు.”

“మీ నాన్నగారేం చేస్తున్నార్రా?” అని సీతారావమ్మ కొడుకుని అడిగింది.

“ఊరికే కూర్చున్నారు.”

“పళ్ళేలు తోముతున్నారా?”

“లేదు. బొటనవేలు చూసుకుంటున్నారు.”

“కోపమొస్తే తోముతారు. తోమట్లేదంటే కోపం కాదు, ఆలోచన.” సీతారావమ్మ నిట్టూర్చింది. “కోపమే నయం. సాయంత్రానికి పోతుంది.”

భోజనాలకి పీటలు వేశారు. చెన్నకేశవరావు వచ్చి కూర్చున్నాడు. పక్కన శేషగిరి, గోడవారగా వాసవాంబ. వంకాయ కూర అయింది, పప్పుచారు అయింది. ఆయన మెచ్చుకోలేదు, వంక పెట్టలేదు. హైమవతి వడ్డిస్తున్నంతసేపూ ఆయన కళ్ళు విస్తరి దాటి పైకి లేవలేదు. ఫిట్టరు అరుగు మీద దగ్గుతున్నాడు.

“నేనన్నా ఏదో ఒకటి మాట్లాడతానర్రా, ఇంత నిశ్శబ్దంలో నాకు ముద్ద దిగదు,” అంది వాసవాంబ.

“నువ్వు తినవే అమ్మా,” అన్నాడు చెన్నకేశవరావు. గొంతు మామూలుగానే ఉంది. పెరుగన్నం ముగించి విస్తరి మడిచాడు. “ఆ ఫిట్టరుకి కూడా భోజనం పెట్టండి. తిన్నాక సాయంత్రం బస్సుకి వెళ్ళిపొమ్మనండి. ఆ బుష్షు మనకక్కర్లేదు.”

హైమవతి మజ్జిగ చెంబు కింద పెట్టింది. సీతారావమ్మ నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“ఇశ్రాయేలుని ఉండమన్నా. షాఫ్టు మీద గీతలు పోయేలా లేతు మీద ఒకసారి నున్నగా పట్టించి, ఆ రెండో జత బిగించమన్నా. ఆ తర్వాత ఎవరూ గుడ్డ కూడా తగిలించొద్దు. నందిగామ కనకయ్యకి కబురు పెట్టా. వచ్చి చూసుకోమన్నా. మూత తీసి ఆ మరకే చూపిద్దాం.”

“నాన్నా!” అన్నాడు శేషగిరి సంతోషంగా.

“ఉండు, అయిపోలేదు.” చెన్నకేశవరావు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ పీట మీదే కూర్చున్నాడు. చొక్కా లేని ఒంటి మీద జంధ్యానికి ఎప్పుడూ కట్టి ఉండే మిల్లు తాళంచెవిని వేళ్ళతో పట్టుకుని, ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి తడిసి బిగిసిన ముడి. అది ఊడేదాకా గోటితో లాగాడు. ఆయన తండ్రి మంచం పట్టిన రోజున స్వయంగా కట్టిన తాళంచెవి అది. ఉగాదికి శేషగిరి చేతికొస్తుందని ఇంట్లోనూ బజారులోనూ అందరూ అనుకుంటున్నదే.

“సాయంత్రమయ్యేసరికి నా చెయ్యి ఊరుకోదు. నా సంగతి నాకు తెలుసు,” అన్నాడు, చారులో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా. “ఇవాళ్టి నుంచీ ఇది అమ్మాయి దగ్గరుంటుంది. మిల్లు అమ్మాయి చూసుకుంటుంది. మూత తియ్యాలన్నా నేను అడిగే తీస్తా.”

తాళంచెవిని హైమవతి ముందు గచ్చు మీద పెట్టాడు.

శేషగిరి చేతిలోని పెరుగన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. హైమవతి తాళంచెవి వైపు చూడలేదు. భర్త ముఖం వైపు చూసింది.